గవ్వలదిబ్బ దగ్గర రెండు రోజులు

పోయిన వారం అబిగయీలును ఒక కాగితంతో తండ్రి ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఆ కాగితం సంగతి ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్లకు ముందు చెప్పాలి.

కైరిమో అనేది పాతికేళ్ల నాటి జపాను వీడియో గేమ్. చేతిలో పట్టుకుని ఆడే చిన్న యంత్రంలో ఒక ఉప్పునీటి సరస్సు ఉంటుంది. దాని రేవుల వెంట తిరుగుతూ వింత జీవులను పట్టి పెంచుకోవాలి. మొత్తం నూట నలభై నాలుగు. నూట నలభై మూడు పట్టినవాళ్లు లోకంలో లక్షల మంది ఉన్నారు. ఆఖరిది ఓరూమి అనే పొడుగు కాళ్ల పక్షి. పట్టామన్నవాళ్లు ఉన్నారు గానీ చూపించినవాళ్లు లేరు. ఆ ఆటను మళ్లీ కొత్తగా తయారుచేస్తున్నారని రెండేళ్లుగా పుకారు. కంపెనీ అవుననదు, కాదనదు.

రెండు నెలల కిందట పేరు చెప్పని మనిషి ఎవరో అభిమానుల వేదికలో ఒక జాబితా పెట్టాడు. కొత్త ఆటలో ఓరూమి ఏ రోజు ఏ రేవులో దిగుతుందో రాసిన వరస అది. పది నిమిషాల్లో తీసేశాడు. అప్పటికే ఇంకెవరో దాన్ని ఎత్తుకుని పన్నెండు లైన్లుగా లోకమంతా పంచారు. సూళ్లూరుపేటలో నెట్ సెంటర్లో పనిచేస్తూ 'కైరిమో కబుర్లు' అనే తెలుగు చానల్ నడిపే అబిగయీలుకు కూడా అలాగే అందింది. ఆఖరి లైను తప్ప మిగతా రేవులన్నీ పాత ఆటలోవే. ఆఖరిది కొత్త ఆట కోసం పెట్టిన కొత్త రేవు కాబోలు అనుకుంది. అంతమాత్రానికే "నేను సరిచూశాను, ఇది నిజం" అని ఒక వీడియోలో చెప్పేసింది. దాన్ని నలభై వేల మంది చూశారు. ఆ వీడియో చూసి బెంగళూరులోని ఒక గేమ్ వార్తల సంస్థ తమ తెలుగు విభాగంలో ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. సోమవారం చేరాలి. ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే, మొదటి పెద్ద ఉద్యోగం కూడా ఆమెదే కాబోతోంది. తండ్రి క్రీస్తుదాసు ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించాడు.

జాబితాలో ఒక్క చిక్కు మిగిలింది. ఓరూమి రోజుకొక రేవు చొప్పున వెళుతూ గవ్వలదిబ్బ దగ్గర మాత్రం వరసగా రెండు రోజులు ఉంటుంది. రెల్లుమడుగు అనే రేవుకు అసలు రాదు. ఎందుకు? ఆ మాటే తండ్రిని అడిగింది. ఆయన కాగితం చూసి, "ఇందులో చిక్కేముందిమే, ఎవురింట్లోనో చావు జరిగుండాది," అన్నాడు.

"నాయనా, ఇది ఆట. ఇందులో చావులుండవు."

"ఆటో పాటో నాకేం తెలుసు. నాలుగో దినమూ అదే పేరు, ఐదో దినమూ అదే పేరు. ఒకరి పేరు లేనే లేదు. మన కాడ అట్ట జరిగేది ఒక్కదానికే."

క్రీస్తుదాసు మాట్లాడుతూనే చినిగిన వల కుడుతున్నాడు. వాళ్ల ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే మలుపులో రొయ్య బాగా పడుతుంది. అందరూ ఒకేసారి వల వేస్తే ఎవరికీ మిగలదు. అందుకని ఏటా చీట్లు తీసి, పడవకు ఒక రోజు చొప్పున వంతు పెట్టుకుంటారు. ఇంతవరకు అబిగయీలుకు పుట్టినప్పటి నుంచి తెలుసు. తర్వాతి మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"చావు జరిగిన ఇంటోళ్లు, చర్చోళ్లొచ్చి ఆదరణ కూటం పెట్టేదాకా నీళ్లలో దిగరు. అట్టని వాళ్ల వంతు పోగొడితే పిల్లోళ్లు ఏం తినాల? అందుకని తర్వాత వంతు ఎవురిదో వాళ్లే రెండు దినాలు పోతారు. మొదటి దినం పడిందంతా చావింటికి. రెండో దినం పడింది వాళ్లకి."

"నువ్వెప్పుడైనా అట్ట పోయినావా?"

సూది ఆగింది. "మీ పెదనాయన పొయ్యినప్పుడు. ఆ యేడు చీటీలో మాథ్యూ అన్నది నాలుగో వంతు. నాది ఐదు."

అబిగయీలు కాగితం మళ్లీ చూసింది. నాలుగో రోజు గవ్వలదిబ్బ. ఐదో రోజు గవ్వలదిబ్బ.

"నాయనా, అప్పుడు మన పాత ఇంటి ముందర ఏముండేది?"

"ఏముండేది, గుల్ల కుప్ప. మీ అమ్మ ఏరి పోసేది, సున్నం బట్టీ వాళ్లకి అమ్మేదానికి. వాకిలంతా గవ్వలే. అన్నోళ్ల ఇల్లు రెల్లులో ఉండేది. వాన పడితే వాళ్ల వాకిట్లో చేపలు ఈదేవి. ఏమి, ఇప్పుడవన్నీ ఎందుకు?"

రెండు నెలలుగా ఆమె ఆ రేవు పేరుకు అర్థం కోసం జపాను పటాలు వెతికింది. అక్కడి పక్షుల పుస్తకాలు తిరగేసింది. అది తను పుట్టిన ఇంటి వాకిలి అని ఆమెకు తట్టనే లేదు.

మాథ్యూకు ఒక్కడే కొడుకు, బెన్హర్. గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రోజూ రైల్లో పోయి వస్తాడు. చిన్నప్పుడు ఆమె చేతిలో కైరిమో పెట్టి ఆడటం నేర్పింది అతనే.

"బెన్హరన్న బండి ఎన్నింటికి వస్తది?"

"ఆరుంబావుకి పేటలో దిగతాడు. నువ్వు యాడికి? పెట్టె సర్దుకోవా?"

గోడవార కొత్త పెట్టె ఉంది. దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. "వచ్చి సర్దుకుంటా," అని ఆమె చెప్పులు వేసుకుంది.

షేర్ ఆటోలో కూర్చున్నాక అలవాటు కొద్దీ ఫోను తీసింది. అభిమానుల గ్రూపులో ఆ రోజు కూడా గవ్వలదిబ్బ గురించే వాదన. ఆత్మకూరు నుంచి మస్తానయ్య అనే అతను, ఓరూమి గుడ్లు పెట్టేది అక్కడేనని, గుడ్లు పెట్టే పక్షికి ఒక్క రోజు చాలదని తేల్చాడు. ఇంకొకరు కొత్త ఆటలో రెల్లుమడుగు ఎండిపోయిందని, వానలు తగ్గాయని మనకు చెప్పడానికే కంపెనీ అలా చేసిందని రాశారు. కంపెనీ వెబ్‌సైటులో నీలిరంగు మొన్నటికంటే ముదిరిందని, ముదిరిందంటే శుక్రవారం ప్రకటన ఖాయమని మరొకరు. నెల్లూరులో మందుల షాపు నడిపే విజయభాస్కర్ రెండు రోజుల చిక్కు మీద నలభై నిమిషాల ఆడియో పెట్టాడు. దాని కింద ఎవరో, "సార్, మాత్రలు కూడా ఇంత వివరంగా ఇస్తారా?" అని అడిగారు.

నిన్నటి దాకా ఆ మాటలకు ఆమె నవ్వేది, ఎదురు వాదించేది. ఇప్పుడు ఒక్కొక్కటి చదువుతుంటే భయం వేసింది. ఇంతమంది ఇంత బుర్ర పెట్టి వెతుకుతున్నది మాథ్యూ పెదనాన్న చావుని.

చెన్నై లోకల్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సంచి భుజాన వేసుకుని దిగిన బెన్హర్ ఆమెను చూసి నవ్వాడు.

"ఏందిమే, స్టేషన్‌కే వచ్చేసినావు. ఈ రోజు నెట్ సెంటర్ లేదా?"

"చావింటి వంతు అంటే ఏందో తెలుసా అన్నా?"

అతను ప్లాట్‌ఫారం చివర టీ కొట్టు వైపు చూశాడు. "బజ్జీ తింటావా?"

"అన్నా."

"తెలుసు," అన్నాడు. ఖాళీ బెంచీ చూసుకుని కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. "చిన్నాయన చెప్పినాడా?"

"నాయనకేం తెలీదు. అడిగినదానికి జవాబు చెప్పినాడు. ఆ జాబితా నువ్వే పెట్టినావు."

బెన్హర్ అవుననలేదు. కానీ కాదని కూడా అనలేదు. ఎదురు పట్టాల మీద గూడ్సు బండి పోయింది.

"నువ్వు ఆ దినం ఫోన్‌లో ఏడ్చినావు గదా," అన్నాడు చివరికి.

"నేనేం ఏడవలా."

"ముక్కు చీదినావు. వీడియో రెండొందల మంది కూడా చూళ్లేదు, మూసేసి బ్యాంకు కోచింగ్‌లో చేరతా అన్నావు. ఆ సాయంత్రం రైల్లో తడ దాకా ఆలోచించుకుంటా వచ్చినా. ఈమెకి మాట్లాడుకునేదానికి ఏదో ఒకటి దొరికితే బాగుండు అని. రోజుకొక పుకారు పుడతానే ఉండాది గదా మీ కాడ. ఇది కూడా వారం దినాలు తిరిగి పోతదిలే అనుకున్నా. పెట్టిన పది నిమిషాలకే భయమేసి తీసేసినా."

"తీసేసినోడివి నాకు చెప్పొచ్చు గదా."

"చెప్దామని ఫోన్ చేసేలోపల నువ్వే చేసినావు. అన్నా, దొరికింది అన్నా అని అరస్తా ఉండావు. ఇంక నోరు రాలా. నీ వీడియో కూడా నేను చూళ్లేదు. ఆ కాగితం జోలికే పోలా."

"సరే. అబద్ధం రాసేవాడివి ఏదో ఒక వరస రాసుండొచ్చు గదా. ఇదే ఎందుకు రాసినావు?"

బెన్హర్ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"రైల్లోనే రాసి చూసినా. నాలుగైదు రకాలు. ఏది రాసినా ఉత్తదే అని తెలిసిపోతా ఉండాది. నిజంగా జరిగేదానికి ఒక మాదిరి ఉంటది గదా, అది రాలా. నాయన పొయ్యినాక అమ్మ నన్ను ఒడ్డు దాటనీలేదు. నీకప్పుడు ఎనిమిదేళ్లు, గుర్తుండదులే. నాయన మద్రాసు బర్మా బజార్లో కొనిచ్చిన ఆట ఒళ్లో పెట్టుకుని ఆ వంతులన్నీ అయ్యేదాకా రోజూ ఒడ్డునే కూర్చున్నా. ఏ దినం ఎవురి పడవ పోతాదో చూసేది, ఆ పడవకి ఆటలో ఒక రేవు పేరు పెట్టేది. నాలుగో దినం మీ నాయన పోయినాడు. రొయ్య గంప తెచ్చి మా వాకిట్లో పెట్టి, మాట కూడా మాట్లాడకుండా పొయ్యినాడు. ఐదో దినం మళ్లీ ఆయనే. నాకు తెలిసిన వరస అదొక్కటే అబీ."

అబిగయీలుకు కోపం తెచ్చుకుని వచ్చానని గుర్తుంది. అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నలభై వేల మందికి నేను సరిచూసినానని చెప్పినా," అంది.

"ఎవురు చెప్పమన్నారు? నేను అబద్ధం రాసినా, ఒప్పుకుంటా. నువ్వు సరిచూడకుండా సరిచూసినానన్నావు. ఎవురిది పెద్దదో పాస్టరుగారిని అడుగుదాం పా."

ఆ మాట సరిగ్గా తగిలింది. అతనికీ తెలిసింది. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడేమి కొంప మునిగిందిమే. ఊరుకో. సోమవారం పోయి చేరు. ఆ కంపెనీ ఆటని ఎప్పుడో ఒకప్పుడు బయటపెడతాది. జాబితా తప్పని తేలతాది. ఎవురో పేరు లేనోడు మోసం చేసినాడంటారు. నీ మీదికి రాదు. అందరూ నమ్మినారు, నువ్వూ నమ్మినావు."

"ఆ ఉద్యోగం ఏందో తెలుసా నీకు?"

"వార్తలు రాసేది గదా."

"రాసేది వేరే వాళ్లు. వచ్చిన పుకారు నిజమా కాదా అని సరిచూసేది నేను. దానికే తీసుకున్నారు నన్ను. ఆ వీడియో చూసి."

బెన్హర్ ఒళ్లోని సంచి తీసి పక్కన పెట్టాడు.

"చిన్నాయన ప్రార్థన కూడా చేయించినాడు," అన్నాడు.

"చేయించినాడు. చర్చిలో అందరూ లేచి నిలబడినారు. ఇప్పుడు నోరు మూసుకుని పోతే, ఆ కుర్చీలో కూర్చుని ఎవురి పుకారుని పట్టుకునేది నేను? వాళ్లలో ఒకడు మా అన్న అని తెలిసి కూడా?" ఆమె లేచింది. "ఏడింటికి లైవ్ పెడతా. నువ్వు పక్కన కూర్చో. ఏ లైను ఎవురి పడవో నువ్వే చెప్పాల. నేను చెప్తే నమ్మరు. నమ్మినా నాకు నచ్చదు, ఒకసారి నమ్మించినా గదా."

"నా మొకం చూపిస్తావా?"

"చూపిస్తా. చొక్కా మీద గ్రీసు ఉండాది, కడుక్కో."

నెట్ సెంటర్ యజమాని పద్మనాభయ్య గారు వెనక గది తాళం ఇచ్చి, "ఏడున్నరకి నాకు జెరాక్స్ మిషను కావాలమ్మా," అని మాత్రం అన్నారు. అబిగయీలు ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించింది. లైవ్ మొదలైన అయిదు నిమిషాల్లో మూడు వేల మంది చేరారు. శుక్రవారం ప్రకటన గురించి ఏదో కొత్త కబురు ఉంటుందని వచ్చినవాళ్లు వాళ్లందరూ.

ఆమె ముందుగా రాసుకోలేదు. "నేను సరిచూశానని చెప్పాను. సరిచూడలేదు. రేవుల పేర్లు పాత పటంలో ఉన్నాయా అని చూశాను, అంతే. ఆ జాబితా కంపెనీ లోపలి నుంచి రాలేదు. మా అన్న రాశాడు. రైల్లో కూర్చుని, మా ఊరి పడవల వంతులు గుర్తు తెచ్చుకుని రాశాడు," అని చెప్పింది.

కామెంట్లు తెర మీద పరుగెత్తాయి. మొదట నవ్వులు. తర్వాత, ఇది కూడా ప్రచారం కోసమే అన్నవాళ్లు. ఆ తర్వాత తిట్లు. మస్తానయ్య, "అక్కా, నేను గుడ్ల గురించి మూడు రాత్రులు చదివాను," అని పెట్టాడు. ఆ ఒక్కదానికి ఆమె తల దించుకుంది.

బెన్హర్ కాగితం అందుకున్నాడు. తడి చొక్కాతో బిగుసుకుని కూర్చుని మొదటి లైను చదివాడు. ఆ రేవు హజరత్తయ్య పడవ అని చెప్పాడు. అది ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి పోయేదని చెప్పాడు. రెండోది, మూడోది. ఎవరి పడవ ఏ రంగో చెప్పేసరికి అతని గొంతులో బెదురు తగ్గింది. నాలుగో లైను దగ్గర ఆగాడు.

"ఇక్కడ రెల్లుమడుగు ఉండాల. అది మా ఇల్లు. ఆ దినానికి మా నాయన పొయ్యి నాలుగు దినాలయింది. అందుకని చిన్నాయన మా వంతు కూడా ఏసినాడు. పక్షికి గుడ్లూ లేవు ఏమీ లేవు. అంతే."

తెర మీద కామెంట్లు ఆగిపోయాయి. ఫోను బిగుసుకుపోయిందేమోనని అబిగయీలు ముందుకు వంగి చూసింది. బిగుసుకోలేదు. మూడు వేల మందీ ఉన్నారు. ఎవరూ ఏమీ రాయడం లేదు. తర్వాత విజయభాస్కర్ పేరు కనిపించింది. "చదవండి తమ్ముడూ. వింటున్నాం."

అతను చదివాడు. పదో లైను, పదకొండో లైను. "ఇది మా మేనమామ పడవ. ఇంతటితో వంతులు అయిపోయినాయి," అని కాగితం కింద పెట్టబోయాడు.

"ఇంకొకటుంది," అంది అబిగయీలు.

"ఎక్కడ?"

ఆమె వేలు పెట్టి చూపించింది. పన్నెండో రోజు, జోడుదీపాల రేవు.

బెన్హర్ ఆ లైనును ఒకసారి చదివాడు. కాగితాన్ని వెలుతురుకు పట్టి మళ్లీ చదివాడు.

"ఇదేంది?"

"ఆఖరి లైను. అందరూ ఎక్కువ కొట్టుకునేది దీని గురించే గదా. పాత ఆటలో లేని రేవు."

"అబీ, మన ఊళ్లో ఉండేది పదకొండు పడవలు. నేను రాసింది పదకొండు లైన్లు. ఇది నేను రాయలా."

తెర మళ్లీ కదిలింది. ఈసారి తిట్లు కావు, ప్రశ్నలు. ఎవరు కలిపారు? ఆ పది నిమిషాల్లో కాపీ చేసింది ఎవరు? అన్న మళ్లీ అబద్ధం చెబుతున్నాడా? అబిగయీలు జవాబు వెతుక్కుంటుండగా పక్కన చార్జింగు పెట్టిన రెండో ఫోను మోగింది. ఉషారాణి. బెంగళూరు సంస్థలో తెలుగు విభాగం పెద్ద, సోమవారం నుంచి తన పైఅధికారి కావలసిన మనిషి. ఆ ఫోను ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆమెకు తెలుసు. ఇంత త్వరగా వస్తుందనుకోలేదు. బెన్హర్‌కు సైగ చేసి గది మూలకు పోయింది.

"మేడమ్, నేనే చేద్దామనుకున్నాను. ఉద్యోగం..."

"ఉద్యోగం సంగతి తర్వాత. మొదటి నుంచీ చూస్తున్నాను నేను." ఆవిడ గొంతులో కోపం లేదు. తొందర ఉంది. "పన్నెండోది మీ అన్న రాయలేదా? ఖాయమా?"

"ఖాయం మేడమ్. మా అన్నకు ఇక దాచేదేమీ లేదు."

అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"అబిగయీలూ, మీరు మా మనిషి అవునో కాదో ఈ నిమిషాన నాకు తెలియదు. అయినా చెబుతున్నాను. ఇది మీ దగ్గరే ఉండాలి. ఈ రోజు మధ్యాహ్నం ఆ కంపెనీ నుంచి పత్రికలకు ఒక ఉత్తరం వచ్చింది. శుక్రవారం దాకా అందులో ఒక్క మాట కూడా బయటికి రాకూడదని సంతకం పెట్టి తీసుకున్నాం. కొత్త ఆటలో ఒకే ఒక్క కొత్త రేవు ఉంది. జోడుదీపాల రేవు. అక్షరం తేడా లేదు."

అబిగయీలు బెన్హర్ చేతిలోని కాగితం వైపు చూసింది.

"రెండు నెలల కిందటే ఎవరికో తెలుసు. ఎవరో అది మీ అన్న అబద్ధంలో కలిపి వదిలారు. ఎందుకో నాకు తెలియదు. మీరు దాని గురించి లైవ్‌లో ఏమీ..."

"అబీ," బెన్హర్ ఫోను ముందు నుంచి తల తిప్పి పిలిచాడు. "అందరూ ఒకటే అడుగుతుండారు. పన్నెండోది కూడా అబద్ధమేనా అంట. నువ్వు చెప్తేనే నమ్ముతారంట. ఏం చెప్పేది, అవునని చెప్పేదా?"